నాయిన వీపు

ఐలయ్య గౌడ్ లాబ్ బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. వాళ్లిచ్చిన దిండు మరీ మెత్తగా ఉందని పక్కకు నెట్టేసి, తన చొక్కానే మడిచి తల కింద పెట్టుకున్నాడు. వయసు అరవై. అందులో నలభై నాలుగేళ్లు తాటిచెట్లు ఎక్కిన మనిషి. వెన్నుకు రెండు పక్కలా నిలువు కండరాలు గట్లు పోసినట్టు లేచి ఉన్నాయి. ఆ వీపు చూసి లాబ్ వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ముచ్చటపడి పోయారు. ముసలాయనకు మాత్రం అది కొంచెం సిగ్గుగా ఉంది.

కూతురు యమున మెడ దగ్గర మొదలుపెట్టి వేలితో ఒక్కో పూస నొక్కుతూ కిందికి వస్తోంది. మెడలో ఏడు, ఛాతీ వెనక పన్నెండు, నడుంలో అయిదు.

"ఏం లెక్కవెడుతున్నవ్ బిడ్డా?"

"పూసలు నాయినా."

"తక్కువున్నయా ఏంది?"

"అన్నీ ఉన్నయ్."

"మరి అన్నయి?"

యమున వేలు అక్కడే ఆగింది. అన్న రాజలింగం పూసలు ఆమెకు ఎక్స్‌రే ఫిల్ములో చూసి చూసి కంఠతా వచ్చేశాయి. రెండేళ్ల కిందట చెట్టు మీద మోకు తెగి పడ్డాడు. మోకంటే కల్లు గీసేవాళ్లు తమ నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. అరవై అడుగుల ఎత్తులో ఉన్న మనిషికి ఉండే ఆధారమంతా అదే. పడిన దెబ్బకు ఛాతీ పూసల్లో చివరిది నుగ్గునుగ్గయింది. దాని కింద మనిషి ఉన్నాడు గానీ, ఉన్నట్టు అతనికే తెలియదు. భార్య స్వరూప రెండు గంటలకోసారి అతన్ని ఈ పక్కకూ ఆ పక్కకూ తిప్పుతూ ఉంటుంది, పుండ్లు పడకుండా. ముప్పై ఆరేళ్ల మగవాణ్ణి అలా తిప్పడమంటే మాటలు కాదు. ఆ పిల్ల చేతులు చూస్తే తెలుస్తుంది.

"గందుకే గదా నాయినా నిన్ను పిలిచింది" అంది యమున.

యమునా, ఆమెతో పనిచేసే డాక్టర్ ఫిరోజూ తొమ్మిదేళ్లు కూర్చుని తయారుచేసిన వస్తువు పేరు వెన్నుదన్ను. పేరు పెట్టింది యమునే. చూడ్డానికి జడకు కట్టే రిబ్బను ముక్కలా ఉంటుంది. దానికి వెంట్రుకంత సన్నటి తీగలు నలభై ఎనిమిది. అది ఏం చేస్తుందో తండ్రికి చెప్పడానికి ఆమె పెద్ద ఉపన్యాసమేం ఇవ్వలేదు. తీగలు గుచ్చాక లేపి కూర్చోబెట్టి, ఎదురుగా నీళ్ల గ్లాసు పెట్టి, తీసుకొమ్మంది. ఆయన చెయ్యి చాపాడు. ఆ తర్వాత తెర మీద జరిగిందంతా మెల్లగా మళ్లీ చూపించింది.

"సూడు నాయినా. ఇక్కడ నీ చెయ్యి ఇంకా కదలనే లేదు. కానీ వీపు లోపల, పూసలను పట్టుకోని ఉండే ఈ చిన్న చిన్న కండలు అప్పుడే బిగుసుకున్నయ్. నువ్వు చెయ్యి చాపుతవని వాటికి ముందే ఎర్క."

"ఎర్కుండదా మరి!" అన్నాడు ఐలయ్య. "చెయ్యి దొరసాని, వీపు జీతగాడు. ముందుగాల లేచేది జీతగాడే గద."

ఫిరోజ్ పకపకా నవ్వాడు. తొమ్మిదేళ్ల నుంచి తను పుటలు పుటలు రాస్తున్నదాన్ని ఈ పెద్దమనిషి ఒక్క ముక్కలో తేల్చేశాడన్నాడు.

సంగతి అదే. రాజలింగం చేతులూ భుజాలూ బాగానే ఉన్నాయి. కింది వీపూ కాళ్లూ బతికే ఉన్నాయి గానీ వాటికి ఆజ్ఞలిచ్చేవాడు లేడు. ఒక మంచి వీపు నుంచి ఆ ఆజ్ఞలన్నీ నలభై రోజులపాటు ఎత్తి దాచి, రాజలింగం వెన్నులో పెట్టే రిబ్బనులో నింపుతారు. అతను చేతులు కదిపిన తీరును బట్టి ఆ రిబ్బను కింది కండరాలకు ఏం చెయ్యాలో చెబుతుంది. చేతులు ఊపితే నడక, బల్ల మీద అదిమితే లేవడం.

ఖర్చు లేకుండా ఏదీ రాదు కదా. తీగలు గుచ్చిన చోట ఆ చిన్న కండలు మెల్లమెల్లగా ఎండిపోతాయి. ఇచ్చినవాడికి నడుం వంగిపోతుంది. ఆ సంగతి యమున తండ్రికి ముందే మూడుసార్లు చెప్పింది.

"చెట్టెక్కలేవు నాయినా. బిందె గూడ మొయ్యలేవు."

"వాడు లేస్తడా?"

"లేస్తడు."

"మరింకేంది? సంతకం ఎక్కడ పెట్టాల్నో సూపు."

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. రక్తం కలిసినవాళ్ల వీపే పనికొస్తుంది. పరీక్షలో ఇద్దరిది సరిపోయింది, తండ్రిదీ, యమునదీ. యమున తనే ఇస్తానంది. ఐలయ్య ససేమిరా అన్నాడు. "నీ వీపు కుర్చీల పెరిగింది, నాది చెట్టు మీద పెరిగింది. వాడు చెట్టోడు, వానికి నాదే గావాలె" అని మొండికేశాడు. ఒక రోజంతా వాదించుకున్నారు. సాయంత్రానికి యమున సరేనంది. సరేనన్న క్షణాన ఆమెకు ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టయింది. ముప్పై నాలుగేళ్లకే వంగి నడవక్కర్లేదు, బతికిపోయాను అనిపించింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు.

ఐలయ్య నడుముకు చిన్న డబ్బా కట్టించుకుని ఆలేరు అవతల ఉన్న తన ఊరికి వెళ్లిపోయాడు. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి, మంచం ఎక్కి కూర్చోకు అని చెప్పి పంపింది కూతురు. బలమైన ఆజ్ఞలు కావాలి కదా. ఆయన పొద్దునా సాయంత్రం ఎప్పట్లాగే చెట్లెక్కాడు, కల్లు లొట్లు దించాడు, కల్లు అమ్మే మండువ దగ్గర కూర్చున్నాడు. రాత్రి ఎనిమిదింటికి ముందే యమున ఫోన్ చేసి ఒక్కో పనిలో వీపు ఏం చేస్తోందో అడిగి, కాగితం మీద గళ్లలో రాసుకునేది. నడక, కూర్చోవడం, మొయ్యడం, విశ్రాంతి.

"చెట్టు మీద చెయ్యి మీదికి లేపినప్పుడు వీపు ఎట్లుంటది నాయినా?"

"ఏముంటది? నడుం వాలుస్త."

యమున నవ్వింది. "చెయ్యి లేపి పని జేస్తుంటే ఎవరన్నా నడుం వాలుస్తరా? పని అయినంక కదా వాల్చేది!"

"అట్లనే రాసుకో బిడ్డా" అన్నాడు ఐలయ్య. "సదువుకున్నదానివి, నీకు ఎర్కుంటది."

ఆరో తరగతికే గురుకులానికి వెళ్లిపోయిన పిల్ల ఆమె. తర్వాత కాలేజీ, తర్వాత హైదరాబాదు. నడుం వాల్చడమంటే ఆమెకు అన్నం తిన్నాక మంచం మీద ఒరగడం. గళ్లలో విశ్రాంతి అని రాసుకుంది.

నెల తిరిగాక ఫిరోజ్ తెర ముందు కూర్చుని గడ్డం గోక్కున్నాడు. "యమునా, ఇదొకటి చూడండి. చేతులు భుజాల కన్నా పైకి వెళ్లిన ప్రతిసారీ వీపు వదిలేస్తోంది. బిగుసుకోవాల్సింది పోయి వెనక్కి వెళ్లిపోతోంది. మీ అబ్బాజాన్ ఏం చేస్తున్నారప్పుడు?"

"రెస్ట్ సార్. నాయిన చెప్పిండు. అడిగి రాసుకున్న."

"చేతులు పైకెత్తి రెస్టా?"

"ఒళ్లు విరుచుకోవడం అనుకుంటా. ఉండనివ్వండి, విశ్రాంతి కూడా శరీరానికి కావాలి కదా."

తాటిచెట్టు ఎలా ఎక్కుతారో ఫిరోజ్ జన్మలో చూసినవాడు కాదు. చూసిన మనిషి చెబుతోంది కదా అని ఊరుకున్నాడు.

ఆపరేషన్ అయిన పదకొండో వారం రాజలింగం లేచి నిలబడ్డాడు.

ఇంటికి తెచ్చిన రోజు చూడాలి ఆ ఇంటిని! ఊళ్లో కారు దిగి, చేతులు ఊపుకుంటూ, గేటు నుంచి అరుగు దాకా తనంతట తను నడిచి వచ్చాడు. స్వరూప హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది గానీ, ఏడుపులో కర్పూరం వెలిగించడమే మరిచిపోయింది. వీధంతా వచ్చేసింది. "అరే, అచ్చం వాళ్ల నాయిన నడకేరా!" అని ఎవరో అన్నారు. అవును మరి. కుడి భుజం కొంచెం ముందుకు వేసి, మడమలు గట్టిగా ఆనిస్తూ నడిచే ఆ నడక ఐలయ్యదే. అసలు ఐలయ్య మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. అప్పటికే ఆయన తల మోకాళ్ల వైపు వంగిపోయింది. కొడుకును చూడాలంటే మెడ పక్కకు తిప్పి కళ్లు పైకెత్తాలి. అలాగే చూశాడు, మీసం మీద చెయ్యి వేసుకుని.

యమున ఆ నాలుగు రోజులు ఊళ్లోనే ఉంది. తొమ్మిదేళ్ల తర్వాత కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయింది.

అయిదో రోజు పొద్దున్నే జరిగింది. రాజలింగం కూతురు మధులికకు నాలుగేళ్లు. తండ్రి మంచాన పడినప్పుడు ఆ పిల్ల రెండేళ్లది. తండ్రి ఎత్తుకున్న గుర్తు దానికి లేదు. రెండు చేతులూ చాపి, "నాయినా, ఎత్తుకో" అంది. రాజలింగం ముఖం వెలిగిపోయింది. వంగి, పిల్లను చంకల కింద పట్టుకుని ఎత్తాడు. ఛాతీ దాకా బాగానే ఉన్నాడు. లేచి నడిచినప్పటి నుంచి అతని చేతులు భుజాలు దాటి లేవనే లేదు. నవ్వుతూ ఇంకా పైకి, తన తల కన్నా పైకి ఎత్తాడు.

అంతే. వీపు వెనక్కి వాలింది. తూలడం కాదు, జారడం కాదు. మెత్తటి కుర్చీలోకి వాలినంత నిమ్మళంగా, పూర్తి నమ్మకంతో వెనక్కి వాలిపోయాడు. వెనక ఏమీ లేదు. తల వెనక భాగం గడపకు తగిలి టప్పుమంది. పిల్ల అతని ఛాతీ మీదే ఉంది, దెబ్బేమీ తగల్లేదు. అదొక ఆట అనుకుని కిలకిలా నవ్వి, "మళ్ల" అంది.

స్వరూప కేక పెట్టి పరుగెత్తింది. యమున అన్న తల కింద చెయ్యి పెట్టి చూస్తే రక్తం. "ఏమైంది? కాలు జారిందా?" అని అడుగుతోంది. రాజలింగానికి తెలియదు. "నేనేం జెయ్యలే చెల్లె. వీపే పోయింది ఎనక్కి."

మంచం మీంచి ఐలయ్య సన్నగా అన్నాడు. "నడుం వాల్చిండు."

"ఏంది నాయినా?"

"చెట్టు మీద చెయ్యి పైకి లేపితే నడుం మోకు మీద వాలుస్తం గద బిడ్డా. ఒళ్లంత దాని మీద ఇడిచేస్తం. అప్పుడే చేతులు ఆడ్తయ్. నిలబడి గీస్తనంటే పడిపోతం." ఆయన మెడ తిప్పి ఆమె వైపు చూశాడు. "చెప్పిన గద బిడ్డా నీకు."

చెప్పాడు. ఆమె నవ్వింది. అదంతా ఆమెకు మాట మాటగా గుర్తొచ్చింది. నేల మీద తండ్రి చేతులు పైకెత్తినా పడలేదంటే ఆయన కాళ్లు ఆయన మాట వినేవి, అడుగు వెనక్కి వేసి కాచుకునేవి. అన్న కాళ్లకు ఆ తెలివి ఎక్కడిది? వాటికి తెలిసిందల్లా రిబ్బను చెప్పిందే. తప్పెవరిదని వెతకడానికి ఆమె ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది.

హైదరాబాదు తీసుకుపోయారు. ఫిరోజ్ రాత్రింబవళ్లు కూర్చున్నాడు. ఆ వాలే ఆజ్ఞల్ని కోసి తీసేస్తే, చేతులు లేపగానే వీపుకు ఏ ఆజ్ఞా లేక రాజలింగం ముందుకు కూలిపోయాడు. ఇంకో వీపు నుంచి కొత్తగా నింపుదామంటే కుదరదు. వెన్నులో ఆ రిబ్బను ఒక్కసారే అతుక్కుంటుంది. పీకితే మళ్లీ మంచమే, ఈసారి మెడ దాకా. ఉన్నదాన్ని ఉన్నట్టుగా వదిలెయ్యడం తప్ప దారి లేదన్నాడు ఫిరోజ్, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

అలా రాజలింగం నడిచే మనిషయ్యాడు, చేతులెత్తని మనిషయ్యాడు. తల దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి వంచుతాడు. చొక్కా స్వరూప తొడుగుతుంది. దండెం మీద తువ్వాల అందుకోలేడు. ఎవరైనా దూరం నుంచి పిలిస్తే చెయ్యి పైకెత్తి ఊపలేడు. అన్నీ గుర్తుపెట్టుకోవచ్చు గానీ, ఉలికిపాటును గుర్తుపెట్టుకునేదెవరు? ఓసారి పిట్టగోడ మీంచి పిల్లి దూకితే చేతులు అడ్డం పెట్టుకోబోయి వెనక్కి పడ్డాడు. మణికట్టు విరిగింది. ఆ తర్వాత నుంచి బయటికి వెళ్లేటప్పుడు రెండు చేతులూ నడుముకు చుట్టుకున్న తువ్వాలలో దోపుకుని, భుజాలు మాత్రమే ఊపుకుంటూ వెళ్లేవాడు. చెల్లెల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండునని ఆమె ఎన్నోసార్లు అనుకుంది.

ఐలయ్య రోజురోజుకూ ముడుచుకుపోయాడు. వీపు పట్టుకుని లేపే కండలు లేకపోతే పక్కటెముకలు పొట్ట మీదికి దిగుతాయి. ఊపిరికి చోటు తగ్గుతుంది. యమునకు అదంతా పుస్తకంలో తెలుసు. ఇప్పుడు నాలుగు మాటలకోసారి ఆగి గాలి తీసుకునే తండ్రి పక్కన కూర్చుని తెలుసుకుంది. లాబ్‌కు సెలవు పెట్టి వచ్చేసింది. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తూ ఆపుకోలేక చెప్పేసింది.

"నాయినా, నాది ఇచ్చుంటే అన్న పడకపోతుండె. నేల మీది వీపు గదా నాది. నేనే ఎనకకు తగ్గిన. నువ్వు ఇస్తనంటే లోపల్లోపల సంతోషపడ్డ."

"నాకు ఎర్కే."

"ఏమెర్క?"

"సరే నాయినా అని, ఊపిరి ఇడిచినవ్ సూడు గా రోజు." ఆయన ఆగి గాలి తీసుకున్నాడు. "సూసిన. మంచిగనిపిచ్చింది. బిడ్డ భయపడుతుంటె... ఏ తండ్రికి మనసొప్పుతది."

యమున గిన్నె కింద పెట్టేసి, ఆ వంగిన వీపు మీద తల ఆనించి ఏడ్చింది. కింద ఎముకలు చెంపకు తగులుతున్నాయి, కండలు లేవు. ఐలయ్య ఓదార్చడానికి చెయ్యి వెనక్కి పెట్టబోయాడు గానీ అందలేదు. "ఊకో" అన్నాడు. మళ్లీ మళ్లీ అదే అన్నాడు.

వానలు పడ్డాక జలుబు చేసింది. జలుబు ఛాతీలోకి దిగింది. దగ్గడానికి కూడా వీపు కావాలి, ఆయనకది లేదు. శ్రావణం వెళ్లకముందే ఒక ఉదయం, ఇంట్లో అందరూ ఉండగానే పోయాడు.

గొడవ వైకుంఠధామం దగ్గర వచ్చింది. చితి చుట్టూ కొడుకు నీళ్లకుండ భుజాన పెట్టుకుని మూడు చుట్లు తిరగాలి. వెనక నడిచేవాడు చుట్టుకో చిల్లు పొడుస్తాడు. మూడో చుట్టు అయ్యాక వెనక్కి చూడకుండా కుండ వదిలెయ్యాలి. భుజం మీద కుండ నిలవాలంటే చెయ్యి పైకి లేవాలి. పెదనాయిన కొడుకు, ఇప్పుడు ఇంటికి పెద్ద అయిన బాలనర్సు రాజలింగం దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"నువ్వు పక్కన నిలవడు తమ్మీ. నేను పట్టుకుంట కుండ. తప్పేం గాదు."

"మా నాయిన గద అన్నా" అన్నాడు రాజలింగం. "నేనే పట్టుకుంట."

"పడిపోతవ్ రా."

"పడిపోత. పడితే పడిపోత. ఆయన ఇచ్చిన వీపు ఏసుకోని, ఆయనకు కుండ పట్టకుంట పక్కకు నిలవడాల్నా అన్నా?"

జనంలోంచి యమున ముందుకు వచ్చింది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. "అన్న ఎనక నేనుంట" అంది.

ఆడపిల్ల చితి దగ్గరికి రావడమేంటని ఒకాయన గొణిగాడు. బాలనర్సు అతని వైపు ఒక్క చూపు చూశాడు. అంతటితో ఆ గొణుగుడు ఆగింది. కుండ నింపి రాజలింగం ఎడమ భుజాన పెట్టారు. యమున రెండు అరచేతులూ అన్న వీపుకు ఆనించి, కాళ్లు వెడల్పు చేసి నిలబడింది. రాజలింగం చెయ్యి పైకెత్తి కుండ పట్టుకున్నాడు.

వీపు వాలింది. మొత్తం బరువు ఆమె చేతుల మీదికి వచ్చేసింది. ఆ వాలడంలో భయం లేదు, అనుమానం లేదు. అన్న అలా వాలడు. అన్న చిన్నప్పటి నుంచీ జాగ్రత్త మనిషి, మంచం మీద కూర్చోవాలన్నా చేత్తో తడిమి చూసి కూర్చుంటాడు. ఇది ఎవరి వాలడమో ఆమెకు అరచేతుల్లో తెలిసిపోయింది. "నాయినా" అంది, ఎవరికీ వినబడకుండా.

ఖాళీ చెయ్యి ఊపుతూ రాజలింగం అడుగేశాడు, ఆమె వీపు వదలకుండా వెంట నడిచింది. మొదటి చుట్టు. బాలనర్సు పక్క నుంచి చెయ్యి చాపి కుండకు చిల్లు పొడిచాడు. సన్నటి నీళ్లధార రాజలింగం వీపు మీంచి ఆమె మణికట్ల మీదికి కారింది. రెండో చుట్టులో ఆమె మోచేతులు వణికాయి. స్వరూప వచ్చి యమున వీపుకు తన చేతులు ఆనించింది. ఎవరూ కాదనలేదు. మూడో చుట్టు పూర్తయింది.

"పక్కకు జరుగమ్మా" అన్నాడు బాలనర్సు. "కుండ నీ మీద వడ్తది."

యమున జరగలేదు. జరిగితే అన్న పడతాడు. రాజలింగం వెనక్కి చూడకుండా కుండ వదిలాడు. అది ఆమె భుజానికి తగిలి, కాళ్ల దగ్గర పడి పగిలింది. రవిక చిరిగి, గీరుకుపోయిన చోట రక్తం వచ్చింది. ఆమె చూసుకోలేదు.

రాజలింగం చెయ్యి మెల్లగా కిందికి దించాడు. చెయ్యి దిగగానే వీపు దానంతట అదే నిటారుగా లేచి, ఆమె అరచేతుల్ని వదిలిపోయింది.

"ఇగ చాలు చెల్లె" అన్నాడు రాజలింగం. "చేతులు దించు."

ఆమె చేతులు గాల్లో అలాగే ఉన్నాయి.